చెమ్మగోడ ఆరేదాకా

ఇంటి లోపల రంగులు వేయించాలని కార్తీకం చివర్లో అనుకున్నాం. తుపాను వానలు వెళ్ళిపోయాయి, మిరపకోతలు ఇంకా అందుకోలేదు. మా ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. కొత్త సరుకు దిగడం మొదలైతే ఆయనకు ఇంటి మొహం చూసే తీరిక ఉండదు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మాఘమాసం పెళ్ళిళ్ళు దగ్గరపడితే నాకూ తలెత్తే వీలుండదు. అబ్బాయి చదువుకోసం హాస్టల్లో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే కాబట్టి ఎక్కడో ఒకచోట సర్దుకోవచ్చు అనుకున్నాం.

మేస్త్రీ ముందుగా వచ్చి గదులన్నీ తిరిగి చూశాడు. ఆయనది మా ఊళ్ళోనే సాయిబుల బజారు. మా వీధిలో చాలా ఇళ్ళకు ఆయనే రంగులు వేశాడు. గోడను వేలికణుపుతో కొట్టి చూస్తూ, "సామానంతా గోడల దగ్గర్నుంచి లాగి గది మధ్యకు చేర్చండమ్మా. మేకులన్నీ పీకేయండి. పాత సున్నం గీకేటప్పుడు పొడి ఎక్కడికైనా పోద్ది, బీరువాలకు తాళాలు వేసినా పోద్ది. చీరలకు ఏదైనా చుట్టుకోండి" అని చెప్పి పోయాడు.

రంగు వేయడం వాళ్ళ పని. దానికి ఇల్లు తయారుచేయడం మా పని అని అప్పుడు అర్థమైంది. ముందు పటాలు దించాం. ప్రతి పటం వెనకా పాత రంగు పలకలాగా మిగిలి ఉంది, చుట్టూ గోడ వెలిసిపోయి ఉంది. అత్తగారి ఫోటోను, మామగారి ఫోటోను తువ్వాళ్ళలో చుట్టి మంచం మీద పెట్టాను. దేవుడి పటాలను ఎక్కడ పెట్టాలో తేలలేదు. ముందు గదిలో పెడితే అక్కడ గీకుతామన్నారు, మధ్య గదిలో పెడితే చెప్పులతో తిరుగుతారని నాకు అభ్యంతరం. చివరికి వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టి, పొద్దున్నే పాలు తీయడానికి తలుపు తెరిచేటప్పుడే దణ్ణం పెట్టుకున్నాను.

సామాను మీద కప్పడానికి మా ఆయన కోల్డ్ స్టోరేజీ నుంచి పాత పట్టాలు తెచ్చారు. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసేవి. శుభ్రంగా దులిపించానన్నారు. మంచం మీద ఒకటి పరిచామో లేదో ఇద్దరం తుమ్ముల్లో పడ్డాం. ఆ ఘాటు దుప్పట్లకు పట్టుకుని వారం దాకా వదల్లేదు. ఆ పట్టాలు ఎత్తి పక్కన పెట్టిన మేస్త్రీ మనుషులిద్దరూ కళ్ళు కడుక్కోవడానికి పంపు దగ్గరికి పరుగెత్తారు. మళ్ళీ ఆ పట్టాలను వాకిట్లోకి లాగి, కడిగి, ఆరేసి, మరునాడు కప్పాం.

మధ్యగదిలో ఇనప బీరువా ఉంది. అది జరపడానికి నలుగురు పట్టాల్సివచ్చింది. జరిపాక వెనక గోడ బయటపడింది. నేల దగ్గర్నుంచి నడుము ఎత్తు దాకా గోడ నల్లగా తడిసి ఉంది. పైన ఉప్పు పూసింది. మేస్త్రీ చెయ్యి ఆనించగానే ప్లాస్టరింగు పెచ్చుగా ఊడి ఆయన కాలి మీద పడింది. బీరువా వెనక రేకు తుప్పు పట్టి చిల్లులు పడింది.

"ఈ చెమ్మ ఆరందే నేను లప్పం పెట్టను" అన్నాడు మేస్త్రీ. లప్పం అంటే గోడ నునుపు చేయడానికి రంగుకు ముందు పూసే తెల్లటి ముద్ద. "పెడితే నెలకల్లా బుడగలొచ్చి ఊడుద్ది. అప్పుడు నన్నే తిడతారు."

"ఎక్కణ్ణుంచి వస్తోంది నీరు?" అని మా ఆయన అడిగారు.

మేస్త్రీ మేడ మీదికి వెళ్ళి చూసొచ్చాడు. పైన పగుళ్ళేమీ లేవు. మా స్నానాలగది పైపు గోడలోంచి పోతుంది కాబట్టి అదే కారుతోందన్నాడు. అంత నమ్మకంగా చెప్పాడు కాబట్టి మేమూ సరేనన్నాం. టైళ్ళు పగలగొట్టించాడు. లోపల పైపు పొడిగా, దుమ్ముకొట్టుకుపోయి ఉంది. "అయితే ఇది కాదు" అని, పగిలిన ముక్కలు ఒక బకెట్లో వేసి పక్కన పెట్టి, ముందుగది గీకడానికి పోయాడు.

ఇక మిగిలింది గోడకు అవతలి వైపు. అవతల ఉండేది మా బావగారు, అంటే మా ఆయనకు సొంత అన్న. మాకూ వాళ్ళకూ అప్పటికి కొన్నేళ్ళుగా మాటలు లేవు.

ఇల్లు మా మామగారు కట్టింది. ఆయన ఉండగానే మధ్యలో గోడ పెట్టి ఇద్దరికీ చెరి సగం ఇచ్చారు. రోడ్డు వైపు సగం మాది, పక్కసందు వైపు సగం బావగారిది. ఎవరి గేటు వారిది, ఎవరి మోటారు వారిది. తగాదా పడి పంచుకున్నది కాదు. గోడ పెట్టిన తరవాత కూడా పండక్కి పిండివంటలు అటూ ఇటూ తిరిగేవి. బావగారు అప్పట్లో మార్టూరులో గ్రానైట్ కోసి పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవారు. పొద్దున బస్సుకు వెళ్ళి చీకటిపడి వచ్చేవారు.

అత్తగారి తద్దినం ముందురోజు మా ఆయన సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. రోడ్డుకు అటువైపు అన్నగారు బస్సుకోసం చూస్తున్నారు. "అన్నయ్యా, రేపు ఎన్నింటికి రమ్మంటావ్" అని ఈయన కేకేశారు. ఆయన పలకలేదు. మళ్ళీ పిలిచారు. అన్నగారు ఇటు చూసినట్టే చూసి, మొహం తిప్పుకుని బస్సెక్కి వెళ్ళిపోయారు. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళు చూశారు. ఒకతను నవ్వాడట. మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "నేనింక ఆయన గడప తొక్కను" అన్నారు. మర్నాడు తద్దినానికి మేం వెళ్ళలేదు. వాళ్ళూ పిలవడానికి రాలేదు. దాంతో మాటలు ఆగిపోయాయి.

ఆ తరవాత జరిగినవన్నీ దానికే జతపడ్డాయి. సాయంత్రం అయ్యేసరికి వాళ్ళ టీవీ మోత గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేది. మాకు వినపడాలనే పెట్టుకుంటున్నాడని మా ఆయన అనేవారు. బావగారు ఫ్యాక్టరీకి పోవడం మానేశారని విన్నప్పుడు, ఆ పొగరుకు అక్కడ ఎవరితోనో పడి ఉండదన్నారు. మా తోడికోడలు, నేను అక్క అని పిలుస్తాను, ఎప్పుడైనా కూరగాయల బండి దగ్గర కనపడితే "బాగున్నావా" అనేది. "ఆఁ" అనేదాన్ని. అంతకుమించి ఇద్దరం పోలేదు.

బీరువా జరిపాక మధ్యగదిలో కిటికీ దగ్గర కాస్త ఖాళీ దొరికి, కుట్టుమిషను అక్కడ వేసుకున్నాను. ఎదురుగా ఆ గోడే. రోజూ చూడగా ఒక సంగతి గమనించాను. పొద్దున గోడ బాగా నల్లగా ఉంటుంది. సాయంత్రానికి పాలిపోతుంది. మళ్ళీ పొద్దునకు నల్లబడుతుంది. తెల్లవారాక అవతల మోటారు మొదలైతే చాలాసేపటి దాకా ఆగేది కాదు. ఆ సంగతి మా ఆయనకు చెప్పాను.

"వాళ్ళ నీళ్ళేనని నాకు ముందే తెలుసు. కావాలనే వదులుతున్నాడు" అన్నారు.

"మన గోడ పాడవడానికి రోజూ కరెంటు ఖర్చు పెట్టుకుంటారా ఎవరైనా?"

"ఆయన సంగతి నీకు తెలియదు."

ఇటువైపు చెమ్మ ఆపే మందు కొట్టమని మేస్త్రీని అడిగారు. "ఇటు కొడితే నీరు పైకెక్కుద్ది, అంతే. నీళ్ళు వచ్చే చోట ఆపాలి" అన్నాడు మేస్త్రీ. ఆ విషయంలో ఆయన మాటే నిజమని మా ఇద్దరికీ తెలుసు. కానీ మా ఆయన సందులోకి అడుగు పెట్టలేదు. ముందుగది గీకుడు అయిపోయింది, వంటిల్లు అయిపోయింది. సగం ఇంటి సామాను మిగిలిన సగంలో పేరుకుపోయింది. మంచం దిగాలంటే బియ్యం డ్రమ్ము మీద చెయ్యి ఆనించాల్సివచ్చేది.

ఒకరోజు పొద్దున్నే అవతల మోటారు మోగుతుండగా, మా ఆయన స్నానానికి వెళ్ళడం చూసి నేనే బయలుదేరాను. సందులోకి తిరిగి వాళ్ళ గేటు దగ్గరికి వెళ్ళాను. గేటు తీసే ఉంది. వాకిట్లో గేదె నెమరేస్తోంది. వరండాలో బావగారు కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. వీపు నా వైపు ఉంది. పక్కగా, సరిగ్గా మా మధ్యగది గోడకు ఆనించి, సిమెంటు నీళ్ళతొట్టి కట్టి ఉంది. అది నిండి అన్ని వైపులా పొంగుతోంది. నీళ్ళు గోడ మొదలుకంటా పారి అక్కడే ఇంకుతున్నాయి.

"అక్కా" అని పిలిచాను. పలుకు లేదు. మామూలుగా నేను బావగారితో నేరుగా మాట్లాడేదాన్ని కాదు, ఏదున్నా అక్కతోనే చెప్పేదాన్ని. కానీ నీళ్ళు నా కాళ్ళ దాకా వచ్చాయి. "బావగారూ, నీళ్ళు పోతున్నాయి" అన్నాను. ఆయన పేపరు మడిచి రెండో పేజీ తిప్పారు. ఇంకాస్త గట్టిగా అన్నాను. ఎదురింటి ఆవిడ కిటికీలోంచి తొంగిచూసింది కానీ ఆయన తిరగలేదు. ఆ క్షణాన నాకూ ఒళ్ళు మండింది. మా ఆయన చెప్పింది నిజమే అనుకున్నాను. మోటారు మోతలో వినపడలేదేమోనన్న అనుమానం కూడా ఒక పక్క ఉంది. వెళ్ళి గోడకున్న స్విచ్చి కట్టేశాను. వాకిలంతా నిశ్శబ్దమైంది. గేదె నమలడం కూడా వినపడుతోంది. మళ్ళీ పిలిచాను. ఆయన పేపరు చదువుకుంటూనే ఉన్నారు.

కుర్చీకి ముందువైపుగా నడిచాను. నా నీడ పేపరు మీద పడేసరికి ఆయన ఉలిక్కిపడి లేచారు. "నువ్వా అమ్మా" అన్నారు. పక్కన నిలబడ్డ మనిషితో అనేలాగా కాదు, వీధి చివర ఉన్న మనిషితో అన్నట్టు. "మీ అక్క పాలు పోయడానికి పోయింది. వచ్చేస్తుంది, కూర్చో."

"తొట్టి నిండిపోయింది బావగారూ" అన్నాను.

ఆయన నా నోటివైపే చూస్తున్నారు. "ఆఁ, బాగానే ఉన్నారు. పిల్లలందరూ బాగానే ఉన్నారు" అన్నారు.

నేను కూర్చున్నాను. ఆయన పేపరు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. కాసేపటికి అక్క ఖాళీ పాలక్యానుతో వచ్చింది. తొట్టి వైపు చూసింది, కట్టేసి ఉన్న మోటారు చూసింది, నన్ను చూసింది. క్యాను కిందపెట్టి, "లోపలికి రా" అంది.

వంటింట్లో పీట వేసింది. నేను అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ముందు పెద్ద గొంతుతో మొదలుపెట్టి, అంత అక్కర్లేదని గుర్తొచ్చి తగ్గించుకుంది.

"ఆ రాళ్ళు కోసే మిషన్ల పక్కన అన్నేళ్ళు నిలబడ్డాడు కదా. ముందు ఎడమచెవి పోయింది. తరవాత రెండోది. నాకు తెలిసేటప్పటికే ముదిరింది. గుంటూరు తీసుకుపోతే చెవికి మిషను పెట్టుకోమన్నారు. అది పెట్టుకుని పోతే నన్ను క్రేను దగ్గర పని చేయనిస్తారా అని వద్దన్నాడు."

"పని మానేసింది అందుకేనా?"

"ఆయన మానలేదు, వాళ్ళే మానిపించారు. రాయి పైకి లేపుతున్నారు పక్కకు రమ్మని వెనకనుంచి అందరూ అరుస్తుంటే కదలకుండా నిలబడ్డాడంట. ఎవరో చొక్కా పట్టుకుని లాగారు. రాయి ఆయన నిలబడ్డ చోటే దిగింది. నీకేమన్నా అయితే మేం జవాబు చెప్పలేం, రేపట్నుంచి రావొద్దన్నారు."

"మాకు ఒక్కమాట చెప్పకూడదా అక్కా?"

"ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. చెవిటోడు అనిపించుకోవడం కంటే పొగరుబోతు అనిపించుకోవడమే మేలంట ఆయనకి."

టీ కొట్టు దగ్గర జరిగింది చెప్పాను. అక్క ఎరగదు. ఏ రోజని అడిగింది. అత్తగారి తద్దినం ముందురోజని చెబితే కాసేపు ఆలోచించి, "ఆ తద్దినం రోజు మీ ఇద్దరికీ విస్తళ్ళు వేసి కూర్చున్నాం. అన్నం చల్లారిపోయిందాకా ఆయన ముద్ద ముట్టలేదు. మీరు రాలేదు. పిలవకపోతే రాని ఇల్లా ఇది, అమ్మ తద్దినానికి కూడా పిలుపు కావాలా వాడికి అని ఆయనకు కోపం" అంది.

మా వైపు మేము, వాళ్ళ వైపు వాళ్ళు, ఎవరి లెక్కన వాళ్ళు న్యాయంగానే ఉన్నాం. ఆ వంటింట్లో పీట మీద కూర్చుని అది వింటుంటే నాకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. అక్క టీ పెట్టింది. తాగి వచ్చేశాను.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అంతా విని, "మరి వదినకు నోరు లేదా? ఇన్నేళ్ళూ ఏం చేసింది?" అన్నారు. ఒట్టు సంగతి చెప్పాను. "ఒట్టూ లేదు, గట్టూ లేదు" అని మజ్జిగ తాగి లేచారు. జాలి పడతారనుకున్నాను కానీ ఆయనకు ముందు వచ్చింది కోపమే. ఇన్నాళ్ళు పెంచుకున్న కోపానికి ఉన్నట్టుండి ఆధారం పోతే, ఆ కోపం ఎక్కడికి పోతుంది. రెండుమూడు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. తరవాత ఒకసారి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా, "ఆ రోజు బస్సు మోత కూడా ఉందిలే" అన్నారు.

ఆదివారం మేస్త్రీని వెంటబెట్టుకుని సందులోకి బయలుదేరారు. తొట్టి చూపించడానికి అన్నారు. నేను వెనకే వెళ్ళాను. బావగారు గేటు దగ్గరే గేదెకు గడ్డి వేస్తున్నారు. తమ్ముణ్ణి చూసి గడ్డి చేతిలోనే పట్టుకుని ఆగిపోయారు.

"అన్నయ్యా, మీ నీళ్ళకు మా గోడ తడుస్తోంది" అన్నారు మా ఆయన.

"ఎవరు ఏడుస్తోంది?"

"ఏడవడం కాదు. గోడ. తడుస్తోంది." ఆయన గొంతు పెంచారు. తొట్టి వైపు, గోడ వైపు చెయ్యి చూపించారు. బావగారికి అర్థమయింది.

"తొట్టి నేనిప్పుడు కట్టింది కాదు. నాన్న ఉన్నప్పుడే ఉంది" అన్నారు. ఆయన మామూలుగా అన్నా అరిచినట్టే ఉంటుంది.

"ఉండొచ్చు. రోజూ పొంగిస్తోంది నువ్వు."

"ఎవడు చెప్పాడు పొంగుతోందని?"

"నా భార్య కళ్ళారా చూసింది."

ఒక్కొక్క మాటకూ గొంతు పెరిగింది. ఈయన అరిస్తే తప్ప ఆయనకు వినపడదు. ఆయనకు మెల్లగా మాట్లాడటం తెలియదు. మేస్త్రీ తొట్టి పక్కన గొంతుక్కూర్చుని పగుళ్ళు చూస్తున్నట్టు నటిస్తున్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలో నిలబడింది. తొట్టి సంగతి అయిపోయింది, టీ కొట్టు దగ్గరికి వచ్చారు.

"ఆ రోజు రోడ్డుకు ఇవతలనుంచి రెండుసార్లు పిలిచాను. పలకలేదు నువ్వు" అన్నారు మా ఆయన, ఒక్కొక్క మాటా విడదీసి.

"నువ్వు పిలిస్తే నేను పలకనా? ఏరా, నీకు బుద్ధుందా?"

"వినపడలేదని ఒక్కమాట చెబితే ఏం పోయింది?"

"వినపడలేదని నాకెట్టా తెలుద్దిరా? వినపడితేగా నువ్వు పిలిచావని తెలిసేది."

సరిగ్గా అప్పుడే ఎదురింటాయన, ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరయిన మనిషి, బ్రష్షు నోట్లో పెట్టుకునే పరుగెత్తుకొచ్చి ఇద్దరికీ మధ్యలో నిలబడ్డాడు. ఆయన వెనకే సందులో ఇంకో నలుగురు చేరారు. నురగ ఉమ్మేసి, "ఏందయ్యా ఇది, పెద్దింటి పిల్లలు, సందులో నిలబడి కొట్టుకోవడం. పద, నువ్వు పద ఇంటికి" అని మా ఆయన భుజం పట్టుకుని లాగాడు.

"కొట్టుకోవడంలేదండీ. మాట్లాడుకుంటున్నాం" అన్నారు మా ఆయన.

"ఇట్టాగా?"

"మా అన్నకు వినపడదు."

సందులో అంతమంది ముందు ఆ మాట అలా బయటపడింది. బావగారికి ఆ మాట వినపడిందో లేదో తెలియదు కానీ, అందరూ ఒక్కసారి తనవైపు తిరగడం చూశారు. ఏం చెప్పారో ఆయనకు తెలిసిపోయింది. కాసేపు అందర్నీ చూసి, చేతిలో గడ్డి గేదె ముందు పడేసి, "నాకు బాగానే వినపడుద్ది" అని లోపలికి వెళ్ళిపోయారు. జనం కూడా మెల్లగా పోయారు. అక్క వచ్చి మా ఆయనతో, "పోనీలే, ఇక నేను దాచక్కర్లేదు" అంది. ఆమె మొహంలో నిష్ఠూరం నాకు కనపడలేదు.

ఆ వారంలోనే తాపీమేస్త్రీ వచ్చి తొట్టిని గోడకు దూరంగా, గేదె పాక వైపు కట్టాడు. తొట్టి నిండగానే తనంతట తాను నీళ్ళు ఆగిపోయే బుడ్డి ఒకటి బిగించారు. పాత తొట్టి పగలగొడుతున్నంతసేపూ బావగారు లోపలే ఉన్నారు. అది అయ్యాక బయటికొచ్చి, బుడ్డి పైకీ కిందికీ ఆడించి చూసి ఊరుకున్నారు.

కానీ గోడ ఆరడం మా చేతుల్లో లేదు. మా వైపు ప్లాస్టరింగు ఇటుక దాకా కొట్టేయించి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాం. మేస్త్రీ వేరే ఇంటి పని ఒప్పుకుని వెళ్ళిపోయాడు. సగం గీకిన గోడలు, మధ్యలో గుట్టగా సామాను, పైన పట్టా. అలాగే బతకడం అలవాటైంది. ఏ డబ్బా ఏ గుట్టలో ఉందో తెలియక రెండు రకాల పప్పుతో వారాలు గడిపాం. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలోనే నిలబడి, ఇల్లు ఖాళీ చేస్తున్నారా అని అడిగేవారు.

ఒకరోజు పొద్దున బావగారు మా గేటు తీసుకుని వచ్చారు. ఎవరినీ పలకరించలేదు. నేరుగా మధ్యగదిలోకి వెళ్ళి ఇటుక మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఉంచి, "ఇంకా ఆరలా" అని వెళ్ళిపోయారు. మర్నాడు కూడా వచ్చారు. తరవాత అదే వరసయింది. మా ఆయన ఉంటే ఇద్దరూ కలిసి గోడ ముందు నిలబడేవారు. మాటలు అంతగా ఉండేవి కావు. ఈయన చెయ్యి ఆనించేవారు, ఆయన తల అడ్డంగా ఊపేవారు. ఒకరోజు బావగారే చెయ్యి ఆనించి చూసి తల నిలువుగా ఊపారు. మేస్త్రీకి కబురు పంపాం.

ప్లాస్టరింగు చేసి, అది కూడా ఆరి, లప్పం రెండు పూతలు పెట్టి, గరుకు కాగితంతో రుద్దే రోజుల్లో బావగారు దాదాపు మా ఇంట్లోనే ఉండేవారు. రాయికి పాలిష్ పెట్టిన మనిషి కాబట్టి గోడమీద వేళ్ళు పోనిచ్చి ఇక్కడ ఎత్తుంది, ఇక్కడ పల్లం ఉంది అనేవారు. రుద్దిన చోటే మళ్ళీ రుద్దించేవారు. రెండురోజులు ఓర్చుకుని మేస్త్రీ ఆయన మొహానికి ఎదురుగా నిలబడి, "ఇది గోడ అయ్యా, గ్రానైట్ కాదు. ఇందులో మొహం చూసుకోరు ఎవరూ" అన్నాడు. అది మాత్రం ఆయనకు స్పష్టంగా అర్థమైంది. ఆ పూట టీ తాగకుండా వెళ్ళిపోయారు. మర్నాడు మళ్ళీ వచ్చారు.

అన్నదమ్ములు పాత రోజుల్లాగా కలిసిపోయారని చెప్పలేను. మా ఆయన ఒకసారి ఆయన్ను గుంటూరు తీసుకెళ్ళి చెవి మిషను పెట్టించారు. దాన్ని పెట్టుకుంటే తలలో ఎవరో గిన్నెలు తోముతున్నట్టుందని ఆయన తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. జేబులో పెట్టుకోవడానికా అంత దూరం తీసుకుపోయిందని మా ఆయన విసుక్కున్నారు. విసుగు ఇంకా ఉంది. ఒకే మాట మూడుసార్లు చెప్పాల్సి వస్తే ఆయనకు ఓపిక ఉండదు. కానీ సాయంత్రం పనినుంచి వచ్చాక కాళ్ళు కడుక్కుని అటు వెళ్తున్నారు. ఏం మాట్లాడుకుంటారో నేను అడగక్కర్లేదు, ఇక్కడికే వినపడుతుంది.

ప్రైమరు కూడా వేసేశాక, రంగు మొదలుపెట్టాల్సిన రోజు మధ్యాహ్నం అక్క వచ్చింది. ఆ వేళకు ఆమె ఎప్పుడూ రాదు. మా ఆయనకు ఆ రోజు సెలవు. అన్నగారి దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. ఆమె తెల్లటి గోడలన్నీ తిరిగి చూసి, మధ్యగదిలో పట్టా తీసేసిన మంచం మీద కూర్చుంది. నేను జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను.

"ఆయన ఉన్నాడుగా అక్కడ" అంది. మా ఆయన గురించి.

"ఉన్నారక్కా."

"గేటు చప్పుడైతే వింటాడు. ఫోను మోగినా వింటాడు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను, పొంగితే ఆ చప్పుడూ వింటాడు." లెక్క చూసుకుంటున్నట్టు చెప్పింది. "మీ బావగారు పని పోయి ఇంట్లో కూర్చున్నప్పట్నుంచి నేను పగలు కన్ను మూసింది లేదు. ఇద్దరి చెవులూ నేనే కదా."

ఫ్యాను ఇటు తిప్పనా అని అడిగాను. వద్దంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒక పక్కకు ఒరిగింది. రెండు నిమిషాల్లో నిద్రపట్టింది. నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి మంచం మీదనుంచి వేలాడుతూ, అంత గాఢమైన నిద్ర. బయట లారీ హారన్లు మోగుతున్నా కదల్లేదు.

మేస్త్రీ రంగు డబ్బా, నిచ్చెన పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఈ గదితోనే మొదలుపెట్టాలని పొద్దున అనుకున్నాం. మంచం వైపు చూసి ఆగాడు. నేను చెయ్యెత్తి వెనక్కి చూపించాను. ఆయన నిచ్చెన నేలకు తగలకుండా భుజానికి ఎత్తుకుని, వంటింటి వైపు వెళ్ళాడు.